సిస్టం 7 అంటే ఏడో కంప్యూటర్ కాదు: హనుమకొండ ప్రెస్సులో పాత ఫైళ్ల కేసు

"అన్నా, ఈ రిజిస్టర్ల సిస్టం 7 అని రాసుంది. మా దగ్గర ఉన్నయే అయిదు సిస్టంలు. ఏడోది యాడికి పోయిందో ఎవరికీ ఎర్క లేదు."

2025 వానాకాలంలో హనుమకొండలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సు నుంచి అక్కడ ఆపరేటర్‌గా పనిచేసే తమ్ముడు చేసిన ఫోన్ ఇది. మన దగ్గర సిస్టం అంటే కంప్యూటరే. "సిస్టం ఆన్ చెయ్", "సిస్టం ఖరాబైంది" అంటాం. కానీ ఆ రిజిస్టర్‌లో సిస్టం 7 అంటే ఏడో కంప్యూటర్ కాదు. యాపిల్ తన మాకింటోష్ (మాక్) కంప్యూటర్ల కోసం 1991 మేలో విడుదల చేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాంకు, ఆ రోజు ఉన్న పేరు అది. ఆ పేరు తెలియక వాళ్లు రెండు రోజులు గోదాం అంతా వెతికారు.

నేను హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లోని ప్రెస్సులకు, స్కూలు ఆఫీసులకు కంప్యూటర్లు చూసిపెడతాను. కొన్నేళ్లుగా నా పనిలో సగం పాత డీటీపీ ఫైళ్లను, అంటే అచ్చుకోసం కంప్యూటర్‌లో కట్టిన పేజీలను, బతికించి యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే కోడ్‌లోకి, తేవడమే. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ ఫైలు పాడవలేదు, డిస్కు పాడవలేదు, యంత్రమూ పాడవలేదు. పేర్లు మాత్రమే పాడయ్యాయి. అంతమాత్రానికే ఒక పుస్తకం పోయినట్టే అనుకున్నారు.

అడిగిన పని

2004లో ఆ ప్రెస్సులో ఒక జానపద పాటల సంకలనం అచ్చయింది. సేకరించిన పెద్దమనిషి ఇప్పుడు లేరు. వచ్చే మేడారం జాతరలోపు పుస్తకం మళ్లీ కావాలని ఇంటివాళ్లు అడిగారు. పేజీలను పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే ప్రోగ్రాంలో, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లతో మాక్ మీద కట్టారు. సీడీ ఉంది. దాన్ని ప్రెస్సు యజమాని కొడుకు తన మాక్‌బుక్‌కు యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి పెట్టాడు, చదవలేదు. విండోస్ 10 మిషన్లో పెట్టారు, అదీ చదవలేదు. సీడీ పోయిందనుకుని అచ్చు పుస్తకం చూసి మొత్తం మళ్లీ టైపు చేయించడానికి రేటు మాట్లాడుకున్నారు. అప్పుడు ఆ తమ్ముడికి పాత రిజిస్టర్ గుర్తొచ్చింది.

రెండు జాబితాలు

ప్రెస్సులో రెండు జాబితాలున్నాయి. ఒకటి పొడుగు రిజిస్టర్. ప్రెస్సు పెట్టిన పెద్దాయన, అందరూ బాపు అని పిలిచే మనిషి, 1996 నుంచి సొంత చేత్తో రాస్తూ వచ్చింది. ఏ మిషన్ ఎప్పుడు కొన్నారు, అందులో ఏముంది, ఏ పుస్తకం ఏ మిషన్ మీద కట్టారు అన్నీ అందులో ఉన్నాయి. ఆయన రాసిన పేర్లు ఇలా ఉన్నాయి: సిస్టం 7.5.3, మాక్ ఓఎస్ 8.1, జీ4 అనే మాక్ దగ్గర "ఓఎస్ 9.2.2, ఓఎస్ ఎక్స్ 10.4.11, రెండూ", ఐమాక్ అనే ఇంకో మాక్ దగ్గర ఓఎస్ ఎక్స్ 10.9.5.

రెండోది 2019లో ఆపరేటర్ చేసిన ఎక్సెల్ షీటు. ప్రెస్సువాళ్లు రోజూ చూసేది దీన్నే. ఆ తమ్ముడు శ్రద్ధగానే చేశాడు. పాత రిజిస్టర్‌లో ఒక్కో చోట ఒక్కో రకంగా ఉన్న పేర్లను ఒక పద్ధతిలోకి తేవాలనుకున్నాడు. అప్పటికి యాపిల్ వాడుతున్న పేరు మాక్‌ఓఎస్. అందుకని అన్నింటికీ అదే పెట్టాడు. ఎక్స్ అంటే రోమన్ అంకె పది అని ఎక్కడో చదివాడు. "ఎక్స్ 10.9 అంటే పది పది తొమ్మిది. పది రెండుసార్లు ఎందుకని తీసేసిన" అని నాతో చెప్పాడు. చుక్క తర్వాతి చిన్న అంకెలు కూడా అక్కర్లేదని కొట్టేశాడు.

అలా ఓఎస్ ఎక్స్ 10.9.5 కాస్తా మాక్‌ఓఎస్ 9 అయింది. మాక్ ఓఎస్ 9.2.2 కూడా మాక్‌ఓఎస్ 9 అయింది. ఆ పైన ఎక్సెల్‌లో డూప్లికేట్లు తీసేసే బటన్ నొక్కాడు. రెండు వరుసల్లో ఒకటి పోయింది. మిగిలింది ఐమాక్ వరుస. జీ4 పేరు మీద 10.4 లోంచి పుట్టిన "మాక్‌ఓఎస్ 4" మాత్రమే మిగిలింది. అలాంటి పేరుతో యాపిల్ ఎప్పుడూ ఏదీ అమ్మలేదు. అదేమిటో ఎవరికీ తెలియక జీ4ను గోదాంలో పెట్టి, తుక్కుకు ఇవ్వాల్సిన వాటి కాగితంలో రాశారు. ఈ పుస్తకాన్ని కట్టిన మిషన్ అదే.

అది ఒక్క మనిషి పొరపాటు అనుకోవద్దు. 10.7, 10.8, 10.9 లోంచి ముందున్న పదిని తీసేస్తే ఎవరు చేసినా ఇదే జరుగుతుంది. సిస్టం 7, మాక్ ఓఎస్ 8, మాక్ ఓఎస్ 9 అనే పేర్లు అప్పటికే ఉన్నాయి. మాక్ ఓఎస్ 9 వచ్చింది 1999లో. ఓఎస్ ఎక్స్ మావెరిక్స్, అంటే 10.9, వచ్చింది 2013లో. రెండింటి మధ్య పద్నాలుగేళ్లు. పైగా అవి ఒకే ఇంటివి కూడా కావు. 1996 డిసెంబరులో యాపిల్ నెక్స్ట్ కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీ సిస్టమ్ మీద, యునిక్స్ పునాది మీద కట్టిందే మాక్ ఓఎస్ ఎక్స్. 9 తర్వాత 10 అని అంకె చూసి వరుస అనుకుంటాం గాని, లోపల పునాది కొత్తది.

ఏ రోజు ఏ పేరు

పేర్ల చరిత్రను ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను, కేసు నడిచింది దీని మీదే కాబట్టి.

1984 జనవరిలో మాకింటోష్ వచ్చినప్పుడు దాని ఆపరేటింగ్ సిస్టమ్‌కు వేరే ఆడంబరమైన పేరు లేదు. సిస్టమ్ అనేవాళ్లు. సిస్టమ్ 6, సిస్టమ్ 7 దాకా అదే నడిచింది. 7.5.1 నుంచి మిషన్ లేచేటప్పుడు తెర మీద మాక్ ఓఎస్ అన్న గుర్తు కనిపించడం మొదలైంది. ఆ పేరు అధికారికంగా పెట్టె మీదికి ఎక్కింది మాత్రం 1997 జనవరిలో, మాక్ ఓఎస్ 7.6తో. కాబట్టి బాపు 7.5.3 దగ్గర సిస్టం అనీ, 8.1 దగ్గర మాక్ ఓఎస్ అనీ రాయడం ఒకచోట ఒకలా రాసిన తికమక కాదు. ఆయన కళ్లముందు పేరు మారింది, మారినట్టే రాశాడు.

2001 మార్చిలో మాక్ ఓఎస్ ఎక్స్ 10.0. చీతా, ప్యూమా అనే పిల్లి జాతి పేర్లు మొదట కంపెనీ లోపలివి. 2002లో జాగ్వార్ నుంచి అమ్మకానికీ వాడారు. 2012లో మౌంటెన్ లయన్ దగ్గర ముందున్న మాక్ పోయి ఓఎస్ ఎక్స్ మిగిలింది. 2016లో సియెర్రాతో మాక్‌ఓఎస్ అయింది. 2020లో బిగ్ సర్‌తో 10 దాటి 11 మొదలైంది. 2025లో 15 తర్వాత ఏకంగా 26కు దూకింది.

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. 2001 నాటి పేరుకూ 2016 నాటి పేరుకూ ఇంగ్లిషులో కంటికి కనిపించే తేడా మనకు మిగలదు. మిగిలేది ఒక్క ఖాళీ. అందుకే నేను పాతదాన్ని విడదీసి మాక్ ఓఎస్ అనీ, కొత్తదాన్ని కలిపి మాక్‌ఓఎస్ అనీ రాస్తాను. ఎక్స్ సంగతి కూడా అంతే. యాపిల్ దాన్ని టెన్ అనే పలకమంది. మన దగ్గర పనిచేసేవాళ్లెవరూ టెన్ అనరు, ఎక్స్ అనే అంటారు. నేను ఎక్స్ అనే ఉంచి, పక్కన 10.4 అని అంకె పూర్తిగా రాస్తాను. చదివేవాడికి పది రెండుసార్లు వచ్చినట్టు అనిపించినా సరే.

సీడీ చావలేదు

నేను వెళ్లిన రోజు మొదట చేసింది చిన్న పని. అదే సీడీ, అదే యూఎస్‌బీ డ్రైవ్ తీసి మాక్‌బుక్ నుంచి పాత ఐమాక్‌కు మార్చాను. సీడీ తెరుచుకుంది.

కారణం సీడీ మీద ఉన్న ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి. పాత మాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతి 1985 నాటిది. దాని తర్వాతి రూపం హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 1998లో మాక్ ఓఎస్ 8.1తో వచ్చింది. పాతదాని మీద రాసే వీలు స్నో లెపర్డ్ 10.6లో పోయింది. చదివే వీలు కూడా 2019లో మాక్‌ఓఎస్ కాటలినా 10.15తో పోయింది. ఐమాక్‌లో ఉన్నది 10.9, కాబట్టి చదివింది. మాక్‌బుక్‌లో ఉన్నది సెకోయా 15, చదవలేదు. సీడీ మీద ఏ కాలం మాక్ రాసిందో పేరు సరిగ్గా ఉండి ఉంటే, కొత్త మాక్ చదవదని ముందే తెలిసేది. రీటైపింగ్ దాకా వెళ్లేవాళ్లు కాదు.

కాపీ తీయకుండా దేన్నీ ముట్టుకోను. నా లైనక్స్ మిషన్లో సీడీ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకున్నాకే ముందుకెళ్లాను.

ఐమాక్‌లో సీడీ తెరుచుకుంది గాని పుస్తకం తెరుచుకోలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. మాక్ మీద అది ఎక్స్‌కు ఎప్పుడూ మారలేదు. 9లో నడవాలి, లేదా ఎక్స్ లోపల క్లాసిక్ అనే ఏర్పాటులో నడవాలి. ఆ క్లాసిక్ టైగర్ 10.4 దాకా, అదీ పవర్‌పీసీ చిప్ ఉన్న మాక్‌లలోనే ఉండేది. లెపర్డ్ 10.5లో తీసేశారు. ఇంటెల్ చిప్ ఉన్న ఐమాక్‌లో అది ఏనాడూ లేదు. షీటులో "మాక్‌ఓఎస్ 9" అని చూసి ఆ తమ్ముడు ఇన్నాళ్లూ ఫైళ్లను ఐమాక్‌లోనే తెరవడానికి చూశాడు. తెరుచుకోకపోతే ఫైలు ఖరాబైందని రాసుకున్నాడు. అలా ఖరాబని రాసినవి ఆ షీటులో ఇంకో పదకొండు ఉన్నాయి.

క్లాసిక్ అనే మాటా జాగ్రత్తగా వాడాలి. సిస్టమ్ 1 నుంచి 9 దాకా అన్నింటినీ కలిపి ఇప్పుడు క్లాసిక్ మాక్ ఓఎస్ అంటున్నారు. అది తర్వాత వచ్చిన అలవాటు. బాపు రిజిస్టర్‌లో ఒకచోట "క్లాసిక్‌ల కట్టినం" అని ఉంది. దానర్థం 9తో మిషన్ లేపి కట్టారని కాదు, ఎక్స్ లోపల క్లాసిక్‌లో కట్టారని. ఆ ఒక్క వాక్యం వల్లే జీ4లో రెండూ ఉన్నాయని నాకు నమ్మకం కుదిరింది.

జీ4ను గోదాం నుంచి తెప్పించాం. లోపలి 3.6 వోల్టుల చిన్న లిథియం బ్యాటరీ చచ్చిపోయి ఉంది. దాన్ని మార్చి, దుమ్ము దులిపి పెడితే లేచింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. బ్యాటరీ పోయిన పాత మాక్‌లలో తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. ఆ స్థితిలో సేవ్ చేసిన ఫైళ్లకు పడే తేదీలు అబద్ధం. ఫైలు తేదీ చూసి ఏ ఓఎస్ కాలమో పట్టుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. నమ్మలేం. రిజిస్టర్‌లో రాసిన పేరే నమ్మకమైన సాక్ష్యం.

పేజ్‌మేకర్‌లో పుస్తకం తెరుచుకుంది. ఒక్క అక్షరం చెదరలేదు. పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటింగ్ ఫైలుగా తీసి, డిస్టిలర్ అనే ప్రోగ్రాంలో వేసి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేశాను. అచ్చు ప్లేట్లకు అది చాలు.

ఫాంట్లను విడిగా బయటికి తేవడంలో మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఇంతకుముందు ఎవరో వాటిని విండోస్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారు. అన్నీ సున్నా కేబీ ఫైళ్లు. ఆ కాలపు మాక్ ఫైలుకు రెండు అరలుంటాయి, డేటా ఫోర్క్, రిసోర్స్ ఫోర్క్ అని. ఫాంటు సరుకంతా రెండో అరలో ఉంటుంది. విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కు మొదటి అర మాత్రమే తెలుసు. అందుకని జీ4లోనే స్టఫ్‌ఇట్ అనే ప్రోగ్రాంతో రెండు అరలనూ కలిపి మూటకట్టి బయటికి తెచ్చాను.

విండోస్ డబ్బా

అదే ప్రెస్సులో ఒక పాత హార్డ్ డిస్కు మీద బాపు రాసిన చీటీ: "విండోస్ 2000". అది తప్పు. డిస్కు నా లైనక్స్‌కు తగిలిస్తే లోపల సిస్టమ్ ఫోల్డర్ పేరు విండోస్ అని ఉంది. విండోస్ 2000 మామూలుగా పెట్టుకునే ఫోల్డర్ విన్‌ఎన్‌టీ. వెర్షన్ చూస్తే 4.90.3000. అంటే విండోస్ మిలీనియం ఎడిషన్. రెండూ 2000లోనే వచ్చాయి, ఒకటి ఫిబ్రవరిలో, ఇంకోటి సెప్టెంబరులో. మిలీనియం అంటే 2000 అనే అర్థంలో ఆ రోజుల్లో దుకాణాల్లో రెండింటినీ అలాగే పిలిచేవాళ్లు. కానీ మిలీనియం 95, 98ల తమ్ముడు. 2000 ఎన్‌టీ అనే వేరే విండోస్ వంశం. 1998 అక్టోబరు దాకా దాని పేరు ఎన్‌టీ 5.0.

ఇది నాకు ముఖ్యమైన చోటు. బాపు రిజిస్టర్‌ను అంత నమ్మిన నేను ఇక్కడ ఆయన మాటను కొట్టేసి కొత్త పేరు రాసేస్తే, ఆ తమ్ముడు చేసిందే నేనూ చేసినట్టు. అందుకని రెండూ రాశాను. చీటీ మీద ఉన్నది విండోస్ 2000, డిస్కులో ఉన్నది విండోస్ మిలీనియం ఎడిషన్ 4.90.3000. ఆయన ఎందుకు అలా రాశాడో తర్వాత ఎవరికైనా కావాల్సి రావచ్చు.

అంకెలు మాత్రమే రాస్తే సరిపోతుందనే వాళ్లకు కూడా విండోసే జవాబు. విండోస్ 95 లోపలి అంకె 4.00. ఎన్‌టీ 4.0 కూడా 4.0. విండోస్ 7 లోపల 6.1. విండోస్ 11 ఇప్పటికీ తనను తాను 10.0 అనే చెప్పుకుంటుంది, బిల్డ్, అంటే వెర్షన్ అంకె వెనక ఉండే తయారీ నంబరు, 22000 నుంచి ఉంటేనే అది 11 అని తెలుస్తుంది. పేరు ఒక్కటే చాలదు, అంకె ఒక్కటే చాలదు.

తెలుగు పని చేసేవాళ్లకు ఇందులో ఇంకో లెక్క ఉంది. షీటులో "విండోస్ 5" అని ఒక వరుస ఉంది. 5.0 అయితే విండోస్ 2000, 5.1 అయితే ఎక్స్‌పీ. యూనికోడ్ తెలుగు విండోస్‌లోకి వచ్చింది ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. 2000లో దేవనాగరి, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి ఒక పాత వర్డ్ ఫైలు 2000 మిషన్ది అయితే, అందులో ఉన్నది ఫాంటు వేషం వేసుకున్న ఇంగ్లిషు కోడ్లే అని ముందే తెలిసిపోతుంది. ఎక్స్‌పీది అయితే నిజమైన తెలుగు అయ్యే అవకాశం ఉంది. 5 అని మాత్రం రాసిపెడితే ఒక్కో ఫైలూ తెరిచి చూడాల్సిందే. మేం తెరిచి చూశాం.

బాపు వచ్చిన రోజు

బాపు కరీంనగర్‌లో బిడ్డ దగ్గర ఉంటున్నాడు. మూడో రోజు వచ్చాడు. ఆ సాయంత్రం పేర్ల మీద ప్రెస్సులో నిజంగానే వాదన జరిగింది.

యజమాని కొడుకు వాదన తీసిపారేసేది కాదు. "అన్నా, రేపు ఈ ప్రెస్సుల పనిజేసే పోరడు సిస్టం 7 అంటే ఏం సమజ్ చేసుకుంటడు? ఇప్పటి పేరు ఒక్కటే ఉంటే వెతకనీకి అలకగుంటది" అన్నాడు. నిజమే, ఇదంతా మొదలైందే సిస్టం 7 అర్థం కాక.

బాపు అల్మారాలోంచి పాత పెండ్లి పత్రికల నమూనాల కట్ట తీశాడు. 2018లో కొట్టిన ఒక పత్రిక చూపించాడు. చిరునామాలో వరంగల్ అర్బన్ జిల్లా అని ఉంది. "2016ల జిల్లాలు జేసినప్పుడు గీ పేరు పెట్టిన్రు. 2021ల హనుమకొండ జిల్లా అన్నరు. ఇగ నేను ఈ పత్రిక మీద కొట్టేసి హనుమకొండ అని రాయాల్నా? అప్పుడు గీ రూరల్ జిల్లా కాగితాల మీద ఏం రాస్తవ్? వరంగల్ అని రాస్తె, 2016 ముందటి వరంగల్ జిల్లా ఏమైతది?" అని అడిగాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ పోలిక నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. 2021లో వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అని పేరు పెట్టారు. 2016 అక్టోబరుకు ముందున్న పెద్ద వరంగల్ జిల్లా వేరు. ఒకే పేరు, రెండు వేరు వేరు నేలలు. మాక్‌ఓఎస్ 9 కథ అచ్చంగా అదే. ఆ రోజుల్లో ఆర్‌ఈసీలో చదివిన ఇంజినీర్ల సర్టిఫికెట్ మీద రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ అనే ఉంటుంది. 2002లో అది ఎన్‌ఐటీ అయిందని సర్టిఫికెట్లు దిద్దరు కదా.

కొడుకు మాటలో ఉన్న అవసరాన్ని కూడా వదలలేదు. షీటులో వెతకడానికి విడిగా ఒక గడి పెట్టాం. అందులో మాక్ లేదా విండోస్ అని వంశం పేరు మాత్రమే ఉంటుంది, వెర్షన్ ఉండదు. దాని పక్క గడిలో ఆ రోజు ఆ మిషన్ తన గురించి తాను చెప్పుకున్న పేరు, అంకె చివరి చుక్కదాకా. ఆ పక్కన బిల్డ్. ఆ తర్వాత రిజిస్టర్‌లో చేతిరాత ఏముందో అక్షరం మార్చకుండా. జీ4 వరుస ఇప్పుడు ఇలా ఉంది: మాక్, మాక్ ఓఎస్ 9.2.2, మాక్ ఓఎస్ ఎక్స్ 10.4.11 టైగర్, "ఓఎస్ 9.2.2, ఓఎస్ ఎక్స్ 10.4.11, రెండూ".

బిల్డ్ ఎందుకు, ఇంత చాదస్తం అవసరమా అని కొడుకు అడిగాడు. తెలుగువాళ్లం మనమే అడగకూడని ప్రశ్న అది. 2018 ఫిబ్రవరిలో జ్ఞాలో కంటికి కనిపించని, అక్షరాలను అతకనివ్వని ఒక కోడ్ చేరిన అక్షరం తెర మీదికి వస్తే ఐఫోన్లలో, మాక్‌లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఫోన్లకు దిద్దుబాటు 11.2.6 అనే కొత్త అంకెతో వచ్చింది. మాక్‌లో హై సియెర్రాకు వచ్చిన దిద్దుబాటుకు అంకె మారలేదు. ముందూ 10.13.3, తర్వాతా 10.13.3. మారింది బిల్డ్ మాత్రమే, 17డీ47 పోయి 17డీ102 అయింది. ఒక మాక్ మన అక్షరానికి కూలుతుందా, తట్టుకుంటుందా అన్నది ఆ బిల్డ్‌ను బట్టే చెప్పగలం.

నేను చేసిన తప్పు

కొత్త షీటు నేనే టైపు చేశాను. ఐమాక్‌ను కొన్నాళ్లు 10.10కు, అంటే యోసెమిటీకి అప్‌డేట్ చేసి, పని కుదరక మళ్లీ వెనక్కి తెచ్చారని రిజిస్టర్‌లో ఉంది. 10.10 అని కొట్టాను. ఎక్సెల్ దాన్ని దశాంశ సంఖ్య అనుకుని చివరి సున్నా తీసేసి 10.1 చేసింది. నేను చూసుకోలేదు. ఆ తమ్ముడు పట్టుకున్నాడు. "అన్నా, 10.1 ప్యూమా గదా, 2001ది. ఈ ఐమాక్ 2014ల కొన్నరు. ఎట్ల కుదురుతది?" అన్నాడు. 2019లో పదిని కొట్టేసిన పిల్లాడు పేరుకూ ఏడాదికీ పొంతన చూసి తప్పు పట్టాడు. ఆ గడి మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ కొట్టాను. వెర్షన్ అంకె సంఖ్య కాదు, పేరులో భాగం. దాన్ని కూడికలు చేసే గడిలో పెట్టకూడదని ఇరవై ఏళ్ల అనుభవం ఉండీ మరిచిపోయాను.

ఒక వత్తు సంగతి

పీడీఎఫ్ ప్లేట్లకు వెళ్లాక, పాటల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే పని మిగిలింది. 1998లో మొదటి విడత టైపు చేసిన పాటలు 8.1 మాక్ నుంచి విండోస్ కోసం తీసిన టెక్స్ట్ ఫైళ్లుగా ఉన్నాయి. తర్వాతివి 9.2.2 నుంచి తీసినవి. ఒకే ఫాంటు, ఒకే కన్వర్టర్. రెండో విడత బాగానే వచ్చింది. మొదటి విడతలో ఒక వత్తు ఉన్న చోటల్లా మాయమైంది.

ఆ ఫాంటులో ఆ వత్తు మాక్ కోడ్ 219 దగ్గర ఉంది. 219 మొదట అంతర్జాతీయ కరెన్సీ గుర్తు స్థానం. మాక్ ఓఎస్ 8.5లో యాపిల్ దాన్ని యూరో గుర్తుకు ఇచ్చేసింది. అందువల్ల విండోస్‌కు మార్చేటప్పుడు 8.1 మాక్ ఆ కోడ్‌ను 164గా రాసింది, 9.2.2 మాక్ 128గా రాసింది. నా కన్వర్టర్‌కు 128 మాత్రమే తెలుసు. రిజిస్టర్‌లో 8.1 అని చుక్కతో సహా ఉంది కాబట్టి కారణం గంటలో దొరికింది. షీటులో ఉన్నట్టు మాక్‌ఓఎస్ 8 అని మాత్రమే ఉంటే, అది 8.5కు ముందా, తర్వాతా, అసలు 10.8 కదా అని ఒక్కోటీ పరీక్షించుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. 164ను కూడా పట్టికలో చేర్చాను. వత్తులన్నీ తిరిగొచ్చాయి.

ఇప్పటి స్థితి

పుస్తకం ప్లేట్లు అయ్యాయి. ఖరాబని రాసిన పదకొండు ఫైళ్లలో తొమ్మిది జీ4లో తెరుచుకున్నాయి. మిగతా రెండు నిజంగానే పాడైనవి. జీ4ను తుక్కు కాగితంలోంచి కొట్టేసి, బట్ట కప్పి ఆఫీసు గదిలో పెట్టారు. సెప్టెంబరులో కొడుకు మాక్‌బుక్‌కు టాహో 26 ఎక్కించాడు. ఆ తమ్ముడు షీటులోనే కాకుండా బాపు రిజిస్టర్‌లో కూడా పెన్నుతో కొత్త వరుస రాశాడు. 15 తర్వాత 26 ఎందుకు వచ్చిందో పక్కన ఒక ముక్క కూడా రాశాడు, యాపిల్ ఇక ఏడాదిని బట్టి అంకె వేస్తోందని.

ఒక సీడీ మాత్రం తేలలేదు. దాని మీద బాపు చేతిరాతలో "కొత్త ఓఎస్ తోటి" అని ఉంది, అంతే. ఏ కొత్తదో ఆయనకూ గుర్తు లేదు. డిస్కు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలో ఉంది. కాబట్టి దాని గడిలో "మాక్ ఓఎస్ 8.1 లేదా ఆ తర్వాతది" అని రాసి, బిల్డ్ గడి ఖాళీగా వదిలేశాం.